డ్రాయర్‌ను సంప్రదించండి

కిసుములో బ్యాంకు తలుపులు తెరిచేది తొమ్మిదింటికి.
ఎనిమిదిన్నరకే మెట్ల మీద అవినో.
ఆమెకంటే ముందు చేపల పొగ వాసన లోపలికొచ్చి
నా కౌంటరు దగ్గర నిలబడింది.

నడుముకు చుట్టిన లెసో గుడ్డ ముడి విప్పి
నాలుగు మడతల చెక్కు తీసింది.
ఎడమ మూల మీద రెండు అడ్డగీతలు.
"ఈ గీతలుంటే దొంగ చేతికి పోదన్నాడు."
నిజమే అన్నాను. గీతలుంటే
చెక్కు ఖాతాలోకే నడవాలి, చేతిలోకి రాదు.
దొంగ దారిలో కాస్తాడని గీశారు వాటిని.
రాసినవాడే దొంగైతే ఏ గీత ఆపాలో
మా పుస్తకంలో లేదు.

మూడు వారాలు ముందుకు తేదీ వేసి ఇచ్చాడట.
ఒమెనా చేపల్ని ఎండకు తిప్పుతూ
ఆ మూడు వారాలూ వేళ్ళ మీద లెక్కపెట్టింది.
నిన్ననే వెనక్కొచ్చింది చెక్కు, దాని నెత్తిన
నా చేత్తో నేనే కొట్టిన ఊదా ముద్రతో.

"ఏం రాశావు?"
డ్రాయర్‌ను సంప్రదించండి.
డబ్బు లేదని మేం రాయం.
అబద్ధం, మోసం, అలాంటి మాటలకు
మా దగ్గర రబ్బరు ముద్రలు లేవు.
ఉన్నదల్లా ఈ మర్యాద ఒక్కటే.

ఆమె నా బల్ల కేసి చూసింది.
"అయితే తెరువు."
ఏమిటి?
"డ్రాయరు. అడగమన్నావుగా. తెరువు, అడుగుతాను."

వెనక వరసలో సైకిల్ టాక్సీ కుర్రాడు పక్కున నవ్వాడు.
నేనూ నవ్వబోయాను,
నా చెయ్యి అప్పటికే పిడి మీద ఉంది.

గుండుసూదులు. ఎండిపోయిన సిరాదిండు.
సగం కొరికిన మందాజి.
దాని కింద, నూనె మరకలో మెరుస్తున్న కాగితం:
ఒంబేయి షుగర్స్, ఎనిమిది వందల షేర్లు, అమ్మకం.
ఫిబ్రవరి. గురువారం.

ఆ గురువారం పొద్దున
చెరకు రైతుల చెక్కులు అరవై నాలుగు
ఒకే కట్టగా నా బల్ల మీద పడ్డాయి, చెల్లక.
ఫ్యాక్టరీ ఖాతాలో
చీమకు సరిపడా చక్కెర లేదు.
ఊరికి తెలీదు, పేపరుకు తెలీదు,
నైరోబీ తెర మీద ధర ఇంకా పచ్చగానే ఉంది.
భోజనం వేళ బ్రోకరు లిగారేకి ఫోను చేసి
ఒకే మాటన్నాను: అమ్మెయ్.
కారణం చెప్పలేదు.
బ్యాంకు గుమాస్తా అమ్మెయ్ అన్నాక
వేరే కారణం ఎందుకు?

అతను ముందు తనవి అమ్ముకున్నాడు,
తర్వాత నావి.
దానికో పేరుంది, ప్రమోషన్ పరీక్షకు చదివాను, ఫ్రంట్ రన్నింగ్.
నేను చేసినదాని పేరు
అదే పేజీలో, రెండు వరసల పైన.
ఆ పరీక్షలో నాకు ఎనభై ఒకటి వచ్చాయి.

ధర జారకుండా సాయంత్రం దాకా
తను అమ్మింది బావమరిది పేరున కొని,
కుడి జేబులోది ఎడమ జేబులో వేసి
సంత కళకళలాడుతోందనిపించాడు.
కొనేవాళ్ళు కావాలిగా.

అమ్మిన ప్రతి షేరుకూ అవతల ఒక చెయ్యి ఉంటుంది.
దాని పేరు ఈ కాగితం మీద వెయ్యరు.
నేనూ అడగలేదు.

డుంగా ఒడ్డున చేపలు కాల్చే ఆడవాళ్ళ సంఘం,
పదిహేడు మంది, కోశాధికారి అవినో.
ధర కూలాక అతని గుమ్మం ముందు కూర్చుంటే
లేపి పంపడానికి రాసిచ్చిన చెక్కు ఇది.

"ఏమంటోంది నీ డ్రాయరు?"
ఖాళీ, అన్నాను. ముఖం చెక్కుచెదరలేదు నాకు,
ముప్ఫై ఏళ్ళ సర్వీసు.

ఆమె కాస్త వంగి చూసింది.
"ఖాళీ ఎక్కడ, రొట్టె ఉందిగా.
తినెయ్, చీమలు పడతాయి."

చెక్కు మళ్ళీ నాలుగు మడతలయింది.
ఆరు నెలలు బతుకుతుందని ఎవరో చెప్పారట దానికి.
సోమవారం మళ్ళీ వేస్తానంది.

క్యాలెండరు చూశాను ఆమె వెళ్ళాక.
అది పాతబడేలోగా
సోమవారాలు ఇరవై రెండు.